డెంగీ, చికున్‌గన్యా, జికా ప్రైమర్లు: అన్నీ ఒకే ట్యూబులోనా, విడివిడిగానా?

యలహంక ల్యాబ్:

అందరికీ నమస్కారం. యలహంక వైపు ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబులో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేసి పట్టుకునే పరీక్ష) సెక్షన్ చూస్తున్నాను. ప్రైమర్లంటే ఆ రెట్టింపు ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు. బెంగళూరులో వానలు పట్టుకున్నాక జ్వరం శాంపిళ్లు ఎలా వచ్చిపడతాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది.

ప్రస్తుతం డెంగీ, చికున్‌గన్యా, జికా మూడింటికీ వేర్వేరు వెల్స్ (ప్లేటులోని గుంతలు) పెడుతున్నాం. శాంపిల్ సరిగ్గా ఉందో లేదో చూసే ఆర్‌నేజ్-పీ (మనిషి కణాల్లో ఎప్పుడూ ఉండే జన్యువు) కంట్రోల్‌కి ఇంకో వెల్. అంటే మనిషికి నాలుగు. 96 వెల్స్ ప్లేటులో ఒక్కో టార్గెట్‌కీ పాజిటివ్, నెగెటివ్ కంట్రోళ్లు పోగా 22 మంది శాంపిళ్లే పడతాయి. నాలుగు రంగుల ప్రోబ్‌లతో (టార్గెట్ దొరికితే మెరిసే ముక్కలు) అన్నీ ఒకే ట్యూబులో పెడితే, అంటే మల్టీప్లెక్స్ చేస్తే, 94 మందివి పడతాయి. "ప్రైమర్లు మన ఫ్రీజర్‌లో ఉన్నవేగా, కలిపేసి నడిపించండి" అని పైనుంచి ఒత్తిడి. మా సీనియర్ మేడమ్ మాత్రం "మల్టీప్లెక్స్ అంటే సెన్సిటివిటీ (తక్కువ వైరస్‌నూ పట్టే శక్తి) పోయినట్టే, నేను సంతకం పెట్టను" అంటున్నారు. ఎవరి మాట వినాలి? కలిపితే ప్రైమర్లు మళ్లీ మొదటినుంచీ డిజైన్ చేసుకోవాలా?

హెబ్బాళ మాలిక్యులర్:

ఉన్న ప్రైమర్లు తెచ్చి కలపడం వేరు, కలపడం కోసమే ప్రైమర్లు డిజైన్ చేయడం వేరు. మీ పైవాళ్లు మొదటిది అడుగుతున్నారు. దానికి మాత్రం ఒప్పుకోకండి.

లెక్క చూడండి. ఒక టార్గెట్‌కి రెండు ప్రైమర్లు, ఒక ప్రోబ్. మూడు ఆలిగోలు, అంటే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు. తమలో తాము, ఒకదానితో ఒకటి అతుక్కునే అవకాశాలు ఆరు. నాలుగు ట్యూబులు విడివిడిగా ఉంటే మొత్తం 24. అదే పన్నెండు ఆలిగోలూ ఒకే ట్యూబులో పోస్తే 78. పెరిగిన ఆ 54 జతలను మీ ల్యాబులో ఇంతవరకూ ఎవరూ చూసి ఉండరు, ఎందుకంటే అవి ఇంతవరకూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ఎదురుపడితే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. డెంగీ ఫార్వర్డ్ ప్రైమర్ 3-ప్రైమ్ కొస (ఎంజైము పొడిగించే చివర) సీ-సీ-ఏ-జీ-టీ అని ముగిసిందనుకోండి. చికున్‌గన్యా రివర్స్ ప్రైమర్ ఏ-సీ-టీ-జీ-జీ అని ముగిసిందనుకోండి. రెండోదాన్ని తిప్పి మొదటిదాని కింద పెట్టండి. ఐదు అక్షరాలకు ఐదూ జతకుదురుతాయి. రెండు కొసలూ ఎంజైముకు సిద్ధంగా దొరికాయి కాబట్టి అటూ ఇటూ పొడిగించేస్తుంది. ఇరవయ్యేసి అక్షరాల ప్రైమర్లయితే 35 అక్షర జతల పొట్టి ముక్క తయారవుతుంది. దీన్నే ప్రైమర్ డైమర్ అంటాం. అంత పొట్టిది కాబట్టి ప్రతి సైకిల్లోనూ అసలు టార్గెట్ కంటే సులువుగా రెట్టింపవుతుంది. విడివిడి ట్యూబుల్లో ఈ రెండు ప్రైమర్లూ సంవత్సరాల తరబడి శుభ్రంగా పనిచేసి ఉండొచ్చు, వాటిలో ఏ దోషమూ లేదు.

ఇంకో ప్రమాదం. మీరు వాడేది ప్రోబ్ పద్ధతి. డైమర్‌లో ప్రోబ్ కూర్చునే చోటు ఉండదు, కాబట్టి స్క్రీన్ మీద ఏ కర్వూ లేవదు. నెగెటివ్ కంట్రోల్ చక్కగా చదునుగా ఉంటుంది, మీరు సంతోషిస్తారు. లోపల మాత్రం ప్రైమర్లు ఖర్చయిపోతుంటాయి. ఎక్కువ వైరస్ ఉన్న శాంపిల్‌లో తేడా తెలియదు, తక్కువ ఉన్నదే మాయమవుతుంది. అందుకే ప్రోబ్‌లు వేయకుండా, ప్రైమర్లన్నీ కలిపి, టెంప్లేట్ (శాంపిల్ ఆర్‌ఎన్‌ఏ) లేకుండా సైబర్ గ్రీన్‌తో (ఏ జంట డీఎన్‌ఏకైనా మెరిసే రంగు) ఒకసారి నడిపి మెల్ట్ కర్వ్ (ముక్కలు ఎంత వేడికి విడిపోతాయో చూపే గీత) చూడండి. ఆ ప్రొడక్టునే 3 శాతం అగరోజ్ జెల్ మీద పరిగెత్తించండి. కింద 50 జతల లోపు మసక బ్యాండు కనిపిస్తే ఆ మిశ్రమం పనికిరాదు.

"హాట్ స్టార్ట్ టాక్ వాడుతున్నాం, డైమర్ రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. హాట్ స్టార్ట్ టాక్ అంటే బాగా వేడెక్కేదాకా పనిచేయని పీసీఆర్ ఎంజైము. మీది ఆర్‌ఎన్‌ఏ వైరస్ పరీక్ష. ముందు 50 డిగ్రీల దగ్గర రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్, అంటే ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం, నడుస్తుంది. హాట్ స్టార్ట్ ఆపేది టాక్‌ని, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ని కాదు. ఆ ఎంజైముకు డీఎన్‌ఏ మీద డీఎన్‌ఏ అల్లే గుణమూ ఉంది. మొదటి డైమర్లు అక్కడే పుడతాయి.

బొమ్మసంద్ర కిట్స్:

అక్కా, మీరు చెప్పిన డైమర్ సంగతిలో నాకు భేదం లేదు. కానీ ఆ పోస్టు చదివినవాళ్లు "సింగిల్‌ప్లెక్స్ (విడివిడి ట్యూబులు) సురక్షితం" అనుకుని వెళ్లిపోతారు. అక్కడే నాకు అభ్యంతరం. నేను కిట్ల డిజైన్ వైపు పనిచేస్తాను, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను.

2020 ఫిబ్రవరిలో అమెరికా సీడీసీ (వ్యాధి నియంత్రణ సంస్థ) పంపిన మొదటి కోవిడ్ కిట్ గుర్తుందా? ఎన్1, ఎన్2, ఎన్3 (కోవిడ్ వైరస్‌లోని మూడు టార్గెట్లు), ఆర్‌నేజ్-పీ, నాలుగూ వేర్వేరు వెల్సే. అయినా నీళ్లు పోసిన వెల్‌లోనూ పాజిటివ్ వచ్చింది. తర్వాత వాళ్లే కారణాలు ప్రచురించారు. ఎన్1 లో కాలుష్యం, ఎన్3 లో రివర్స్ ప్రైమరూ దాని సొంత ప్రోబూ అతుక్కోవడం. ఒకే టార్గెట్, మూడే ఆలిగోలు, అయినా దెబ్బతింది. చూడకుండా వదిలేస్తే ఆరు జతల్లోనూ పడిపోవచ్చు, చూసుకుంటే 78 జతల్లోనూ నిలబడొచ్చు.

రెండోది, కంట్రోల్. విడిగా ఒక వెల్‌లో ఆర్‌నేజ్-పీ వచ్చిందంటే ఆ వెల్‌లో ఆర్‌ఎన్‌ఏ పడిందని మాత్రమే అర్థం. పక్కనున్న జికా వెల్‌లో పిపెట్ సరిగ్గా దిగిందో లేదో అది చెప్పలేదు. రాత్రి షిఫ్టులో నాలుగేసి వెల్స్ నింపుతూ పోయే టెక్నీషియన్‌ని అడగండి. ఒకే ట్యూబులో ఉంటే ఆ ట్యూబుకు ఆ ట్యూబే సాక్ష్యం.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యం, సెన్సిటివిటీ. 5 మైక్రోలీటర్ల ఆర్‌ఎన్‌ఏలో సగటున ఒక్క వైరస్ కాపీ ఉందనుకోండి. ఏ ఎంజైము వాడినా, ఎంత గొప్ప ప్రైమరైనా, 37 శాతం సార్లు ఆ వెల్‌లోకి ఒక్క కాపీ కూడా రాదు. లేనిదాన్ని ఏ పీసీఆరూ పెంచలేదు. నాలుగు వెల్స్‌కి ఐదేసి చొప్పున మీరు 20 మైక్రోలీటర్లు ఖర్చు పెడుతున్నారు. ఒకే ట్యూబు అయితే 10 వేయండి. సగటు రెండు కాపీలు, ఖాళీగా పోయేది 13.5 శాతం. మీ సీనియర్ మేడమ్‌కి ఈ లెక్క చూపించండి. మల్టీప్లెక్స్‌లో కొంచెం ఎఫిషియెన్సీ తగ్గినా, వాల్యూమ్‌తో అంతకు మించి రాబట్టొచ్చు.

వైట్‌ఫీల్డ్ వరంగల్:

ఎన్‌ఎస్1 ఎలైసాకి (రక్తంల డెంగీ ప్రొటీన్ పట్టే పరీక్ష) 300 రూపాయలకు మించి తీసుకోవద్దని ఈ రాష్ట్రంలో 2024 లోనే ధర కట్టేసిన్రు. పీసీఆర్ కి నాలుగు వెల్స్ రియేజెంట్ ఖర్చు పేషెంట్ మీద వేస్తే ఎవరు చేయించుకుంటరు? డబ్బున్నోళ్లకే పరీక్ష అన్నట్టు అయితది. ఈ ముచ్చట కూడా లెక్కల ఉండాలె.

మైక్రోబయాలజీ డాక్టర్:

ఖర్చు మాట నిజమే. కానీ ఈ మూడు వైరస్‌ల విషయంలోనే సరిగ్గా ఇదే గొడవ పదేళ్ల కిందట జరిగింది, అది తెలియకుండా నిర్ణయం తీసుకోకూడదు.

2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ జికా మీద అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ మార్చిలోనే సీడీసీ వారి ట్రయోప్లెక్స్‌కి అత్యవసర అనుమతి వచ్చింది. డెంగీ, చికున్‌గన్యా, జికా మూడూ కలిపిన పరీక్ష. మీరిప్పుడు చేద్దామనుకుంటున్నది అదే. దాని మీద అభ్యంతరం లేవనెత్తినది బయటివాళ్లు కాదు, సీడీసీలోనే పనిచేస్తున్న రాబర్ట్ లాన్సియాటీ. విడిగా చేసే జికా పరీక్షతో పోల్చి చూస్తే ట్రయోప్లెక్స్ 39 శాతం కేసులను వదిలేస్తోందని ఆయన వాదించాడు. ఆయన పదవి తగ్గించారు, ఆయన ఫిర్యాదు చేశాడు, తర్వాత తిరిగి పదవి ఇచ్చారు.

ఆయన మల్టీప్లెక్స్ అంటే గిట్టనివాడు కాదు. 1992లో డెంగీ నాలుగు సీరోటైపులనూ ఒకే ట్యూబులో విడదీసే పద్ధతి వచ్చింది ఆయన బృందం నుంచే. మొదటి రౌండులో 511 అక్షర జతల ముక్క, రెండో రౌండులో ఒకటో రకానికి 482, రెండుకు 119, మూడుకు 290, నాలుగుకు 392. జెల్ మీద పొడవు చూస్తేనే ఏ రకమో తెలిసిపోతుంది. మన దేశంలో ఎన్నో ల్యాబులు దాని మీదే నడిచాయి. కలపడం ఎలాగో బాగా తెలిసిన మనిషి ఇక్కడ కలపొద్దు అన్నాడంటే విషయం ప్రైమర్ల దగ్గర ఆగదు, రోగి దగ్గరికి వెళుతుంది. జికాలో రక్తంలో వైరస్ తక్కువగా ఉంటుంది, ఉన్నదీ కొద్దిరోజులే. గర్భిణి విషయంలో ఒక్క తప్పుడు నెగెటివ్ ఖరీదు డెంగీ నెగెటివ్ ఖరీదుతో సమానం కాదు. డెంగీకి కనీసం ఎన్‌ఎస్1 తోడుగా ఉంది. జికాకు అలాంటి తోడు లేదు.

నా మాట ఇది. డెంగీ, చికున్‌గన్యా, ఆర్‌నేజ్-పీ కలపండి. జికాను విడిగా ఉంచండి.

బొమ్మసంద్ర కిట్స్:

డాక్టర్ గారూ, కథ మొత్తం చెప్పాలి. ఆయన లెక్కలకు విరుద్ధమైన లెక్కలు సీడీసీలోని వేరే ల్యాబు నుంచి వచ్చాయి, అక్కడ అంత తేడా కనిపించలేదు. ఆ తర్వాత ట్రయోప్లెక్స్‌ని మెరుగుపరిచింది దేనితో? ఎక్కువ సీరం తీసుకుని అందులోంచి ఆర్‌ఎన్‌ఏ తీయడంతో. 200 మైక్రోలీటర్ల బదులు ఒక మిల్లీలీటర్. అంటే నేను చెప్పిన వాల్యూమ్ మాటే.

కోడ్ రాసే బయాలజిస్ట్:

డిజైన్ వైపు నుంచి నాలుగు మాటలు. ఈరోజుల్లో 78 జతలు అంటే కంప్యూటరుకు లెక్కే కాదు. 2022లో వచ్చిన శాడిల్ అనే అల్గారిథం 96 జతల ప్రైమర్ల సెట్లో డైమర్ల వాటాను 90.7 శాతం నుంచి 4.9 శాతానికి దించింది. అది చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక్కో టార్గెట్‌కి ఒకటి కాదు, చాలా ప్రైమర్ జతలు తయారు చేసుకుంటుంది. సెట్టు మొత్తానికి ఒక చెడు స్కోరు కడుతుంది. ఒక ప్రైమర్‌ని మార్చి చూస్తుంది, స్కోరు తగ్గితే ఉంచుతుంది, మొదట్లో అప్పుడప్పుడూ పెరిగినా ఉంచుతుంది, లేకపోతే ఒకేచోట ఇరుక్కుపోతుంది.

చేత్తో చేసేవాళ్లు ఎక్కడ పొరపడతారంటే, ముందు డెంగీకి ఉత్తమమైన జతను ఖరారు చేస్తారు, తర్వాత చికున్‌గన్యాకు, ఆ తర్వాత జికాకు. చివరికొచ్చేసరికి వదిలిపెట్టడానికి ఏమీ మిగలదు. మల్టీప్లెక్స్‌లో ఒక్కో టార్గెట్‌కి రెండో మంచిదో మూడో మంచిదో అయిన ప్రైమర్ మొత్తం సెట్టుకు ఉత్తమం కావచ్చు.

కోవిడ్ జీనోమ్ సీక్వెన్సింగ్‌కి వాడే ఆర్టిక్ అనే ప్రైమర్ సెట్టు మొదటి వెర్షన్ చూడండి. 98 జతలు, పక్కపక్క ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా రెండు పూల్స్‌గా విడదీశారు. అయినా 18 లెఫ్ట్, 76 రైట్ ప్రైమర్ల 3-ప్రైమ్ కొసలు పది అక్షరాల మేర జతకుదిరాయి, ఆ రెండు ముక్కలూ పదేపదే తగ్గిపోయాయి. జపాన్ పరిశోధకులు పట్టుకుని, ఒక్క ప్రైమర్ మారిస్తే రెండూ లేచి కూర్చున్నాయి. అంత పెద్ద సెట్లోనూ దోషం ఒక జతలో ఉంది, దొరికింది, సరిదిద్దారు. ఇది పరిష్కారం ఉన్న సమస్య.

హెబ్బాళ మాలిక్యులర్:

పరిష్కారం ఉంది, కానీ ఒకసారి చేసి పక్కన పెట్టేసేది కాదు. అదే ఆర్టిక్ మూడో వెర్షన్‌లో డెల్టా రాగానే 72వ ముక్క పడిపోయింది, ప్రైమర్ కూర్చునే చోటే వైరస్ మారింది. నాలుగో వెర్షన్ చేశారు. ఒమిక్రాన్ వచ్చింది, మళ్లీ మార్చారు. డెంగీ అయితే ఒక వైరస్ కాదు, నాలుగు. నాలుగింటికీ సరిపోయే చోటు వెతికితే 3-ప్రైమ్ చివరి భాగంలో కొద్దిగా దొరుకుతుంది, అక్కడా ఒకటి రెండు అక్షరాల దగ్గర మిశ్రమ బేసులు (ఒకే చోట రెండు అక్షరాల్లో ఏదైనా) పెట్టక తప్పదు. అలా పెట్టిన ప్రతిసారీ ఒక ప్రైమర్ రెండు ప్రైమర్లవుతుంది, చూడాల్సిన జతలు మళ్లీ పెరుగుతాయి. ఒక్క ట్యూబులో ఉన్నప్పుడు డెంగీ ప్రైమర్ మారిస్తే జికాను కూడా మళ్లీ వ్యాలిడేట్ చేయాలి. విడిగా ఉంటే ఆ బాధ లేదు. కిట్ అమ్మే కంపెనీకి దానికి టీమ్ ఉంటుంది. యలహంకలో ఇద్దరు టెక్నీషియన్లున్న ల్యాబుకి ఎవరుంటారు?

జెనెటిక్స్ సెక్షన్, జయనగర్:

నాది వేరే రంగం, అయినా ఒక మాట. మల్టీప్లెక్స్ మొదలైందే ఖర్చు తగ్గించడానికి అన్నట్టు మాట్లాడుతున్నారు. 1988లో ఛాంబర్లేన్ బృందం దీన్ని చూపించింది డుషెన్ కండరాల జబ్బు కోసం. దానికి కారణమైన డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు ముక్కలు), ఎక్కువమంది పిల్లల్లో వాటిలో కొన్ని ఎగిరిపోయి ఉంటాయి. మగపిల్లాడి శాంపిల్‌లో ఒక బ్యాండు రాకపోవడమే అక్కడ ఫలితం. విడిగా ఒక్క ఎక్సానే చేస్తే, బ్యాండు రాలేదంటే ఎక్సాన్ లేదా, పీసీఆర్ ఫెయిలా అన్నది ఎలా తెలుస్తుంది? పక్క ఎక్సాన్ల బ్యాండ్లు అదే ట్యూబులో మెరుస్తుంటేనే ఆ ఖాళీకి అర్థం వస్తుంది. ఆ సెట్టు, తర్వాత వచ్చిన బెగ్స్ సెట్టు కలిపితే డిలీషన్లలో సుమారు 98 శాతం దొరికేవి. ఇప్పుడు ఎంఎల్‌పీఏ అనే పద్ధతి వచ్చింది, అందులో ప్రోబ్‌లు నలభై ఉన్నా పెంచే ప్రైమర్లు ఒకే జత. ప్రైమర్ల గొడవను అలా తప్పించుకోవచ్చు కూడా. కొన్ని ప్రశ్నలకు కలపడమే సరైన డిజైన్.

మైక్రోబయాలజీ డాక్టర్:

మేడమ్, మీ ఉదాహరణలో ఎక్సాన్లన్నీ ఒకే మనిషి డీఎన్‌ఏ నుంచి, సమానమైన కాపీలతో వస్తాయి. మా దగ్గర ఒక వైరస్ లక్షల్లో, ఇంకోటి పదుల్లో ఉంటుంది. భేదం అక్కడే.

హెబ్బాళ మాలిక్యులర్:

డాక్టర్ గారు సరైన చోట వేలు పెట్టారు. ఒకే ట్యూబులో డెంగీ సీటీ (కర్వ్ పైకి లేచే సైకిల్ నంబరు) 16 దగ్గర లేస్తుంది, చికున్‌గన్యా 35 దగ్గర లేవాలి అనుకోండి. చికున్‌గన్యా వంతు వచ్చేసరికి డెంగీ ఎంజైమునీ డీఎన్‌టీపీలనీ (డీఎన్‌ఏ కట్టే ఇటుకలు) తినేసి కూర్చుంటుంది. పెళ్లి భోజనంలో మొదటి పంక్తే గంగాళం ఖాళీ చేస్తే రెండో పంక్తి ఆకులు వేసుకుని ఎదురు చూడాల్సిందే. ఆర్‌నేజ్-పీ విషయంలో దీనికి మందుంది. అది ఎప్పుడూ ఉంటుందని తెలుసు కాబట్టి దాని ప్రైమర్లను కావాలనే తక్కువ వేస్తాం, టార్గెట్లకు 0.4 మైక్రోమోలార్ అయితే దానికి 0.1. తొందరగా ప్రైమర్లు అయిపోయి ఆగిపోతుంది, మిగతావాటికి దారి వదులుతుంది. కానీ డెంగీ, చికున్‌గన్యాల్లో ఏది ఎక్కువ వస్తుందో ముందు తెలియదుగా, దేన్ని కట్టడి చేస్తాం? మన ఊళ్లో రెండూ ఒకే దోమ మోసుకొస్తుంది, రెండూ ఒకే మనిషిలో ఉండటం వింతేమీ కాదు.

యలహంక వారికి నేను చెప్పేది: ఎవరి అభిప్రాయమూ వినొద్దు, ఇది బెంచ్ మీద తేల్చండి. డెంగీ ఆర్‌ఎన్‌ఏను బాగా ఎక్కువగా, చికున్‌గన్యాను మీ డిటెక్షన్ హద్దుకు కాస్త పైన కలిపి, కలిపిన ట్యూబులోనూ విడి ట్యూబులోనూ ఇరవయ్యేసి రెప్లికేట్లు (అదే మిశ్రమంతో మళ్లీ మళ్లీ) నడపండి. తర్వాత తారుమారు చేయండి. జికాతోనూ అంతే. ఇరవైలో కనీసం 19 రావాలి. ప్రైమర్ల టీఎం (అతుక్కున్నది విడిపోయే ఉష్ణోగ్రత) అన్నీ ఒకటి రెండు డిగ్రీల లోపు, ప్రోబ్ అంతకన్నా ఎనిమిది పది పైన, పెరిగే ముక్కలన్నీ 70 నుంచి 150 జతల మధ్య ఉండేలా కొత్తగా డిజైన్ చేయించండి. మెరుపు ఎక్కువ ఉండే ఫ్యామ్ రంగును అలవాటుగా డెంగీకి ఇచ్చేస్తారు. అలా కాకుండా తక్కువ కాపీలుండే జికాకు ఇవ్వండి. మెగ్నీషియం కూడా చూసుకోండి, డీఎన్‌టీపీలు పెంచితే అవి మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయి, ఎంజైముకు మిగలదు.

బొమ్మసంద్ర కిట్స్:

పరీక్ష బాగుంది అక్కా, ఒక్క షరతు. కలిపిన ట్యూబులో 10 మైక్రోలీటర్లు, విడి ట్యూబులో 5. రెంటికీ 5 వేసి పోల్చితే మల్టీప్లెక్స్‌కి ఉన్న అసలు లాభాన్ని తీసేసి పోల్చినట్టు.

హెబ్బాళ మాలిక్యులర్:

రెండు రకాలుగానూ చేయమనండి. ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ వేస్తే శాంపిల్‌లోని ఇన్‌హిబిటర్లు (పీసీఆర్‌ని అడ్డుకునే పదార్థాలు) కూడా ఎక్కువ వస్తాయి, అదీ బయటపడుతుంది.

యలహంక ల్యాబ్:

అందరికీ ధన్యవాదాలు. ఈ మాటలన్నీ రెండు పేజీల్లో రాసి పైవాళ్లకూ మేడమ్‌కూ ఇచ్చాను. ఉన్న ప్రైమర్లు కలపడం ఆగిపోయింది. డెంగీ, చికున్‌గన్యా, ఆర్‌నేజ్-పీ మూడింటికీ కలిసి ఉండే సెట్టు కొత్తగా డిజైన్ చేయిస్తున్నాం, అక్క చెప్పిన ఇరవై రెప్లికేట్ల పరీక్ష దాటితేనే వాడతాం. జికా ప్రస్తుతానికి విడిగా, డాక్టరు అడిగిన శాంపిళ్లకే.

బొమ్మసంద్ర కిట్స్:

చివరి వాక్యం మాత్రం మళ్లీ ఆలోచించండి. 2022 డిసెంబరులో రాయచూరు ఐదేళ్ల పాపలో జికా దొరికింది, కర్ణాటకలో మొదటి కేసు. జికా అనుమానంతో తీసిన రక్తం కాదది. డెంగీ, చికున్‌గన్యా పరీక్షలకు తీసిన సీరంలో కొంత భాగాన్ని మామూలుగా పుణె ఎన్‌ఐవీకి (జాతీయ వైరాలజీ సంస్థ) పంపుతుంటారు, అందులో బయటపడింది. బెంగళూరులో జ్వరం అనగానే జికా రాసే డాక్టర్లు ఎంతమంది? అడిగితేనే చేస్తామంటే అడగని కేసు ఎప్పటికీ కనపడదు. నూటికి నూరు శాతం పట్టుకునే పరీక్షను పదిమందికి చేయడం కంటే, తొంభై శాతం పట్టుకునేదాన్ని అందరికీ చేస్తే ఎక్కువ దొరుకుతాయి.

మైక్రోబయాలజీ డాక్టర్:

ఊరి లెక్కకు మీరన్నది నిజం. రిపోర్టు చేతిలో పట్టుకుని నా ఎదుట కూర్చున్న గర్భిణికి మాత్రం ఆ పది శాతం ఎవరో కాదు, తనే. అందరికీ చేసే ట్యూబులో జికా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అందులో నెగెటివ్ వచ్చినంత మాత్రాన గర్భిణికి "జికా లేదు" అని రిపోర్టు ఇవ్వకండి. ఆమెకు విడి ట్యూబులో, రక్తంతో పాటు మూత్రం శాంపిల్‌తోనూ మళ్లీ చేయాలి. మూత్రంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఇంకొన్నాళ్లు ఎక్కువగా నిలుస్తుంది.

యలహంక ల్యాబ్:

అలాగైతే నాలుగింటి సెట్టుగానే డిజైన్‌కి పంపుతాను, గర్భిణుల రిపోర్టు ఫార్మాట్ విడిగా రాయించి మేడమ్ సంతకానికి పెడతాను. కోడ్ రాసే అన్నా, ఒక్కో టార్గెట్‌కి క్యాండిడేట్ జతలు రాగానే 3-ప్రైమ్ కొసలు మీకు పంపనా? చూసిపెడతారా?

కోడ్ రాసే బయాలజిస్ట్:

పంపండి. ఒక్కో టార్గెట్‌కి కనీసం పదేసి జతలు ఉండాలి, ప్రోబ్‌లు కూడా కలిపి పంపండి. డెంగీలో మిశ్రమ బేసులున్న చోట్లు గుర్తు పెట్టండి, వాటిని విడగొట్టి లెక్కలోకి తీసుకోవాలి.